ఖాళీ మీద ఆగిన ముల్లు

"ట్యాంకు ఖాళీ," అన్నాడు హిల్మార్.

"నిండుగా ఉంది," అన్నాను.

"ముల్లు ఖాళీ అంటోంది."

"ముల్లు నాలుగేళ్ల నుంచి అబద్ధమే చెబుతోంది. నేను నిజం చెబుతున్నాను. ఎవరి మాట వింటావు?"

హిల్మార్ కిటికీలోంచి తల లోపలికి పెట్టి డాష్‌బోర్డు వైపు మరోసారి చూశాడు. అతని టోపీ మీది మంచు నా ఒళ్లో రాలింది.

"ముల్లు మాటే," అన్నాడు.

బుధవారం ఉదయం తొమ్మిది ముప్పై అయిదు. కొండ దారికి అడ్డంగా ఎర్ర గేటు దించి ఉంది. ఆదివారం రాత్రి మొదలైన మంచుగాలి రెండు రోజులు కొండను మూసేసింది. ఈరోజే తెరిచారు, అదీ కాన్వాయ్‌గా మాత్రమే. ముందు హిల్మార్ నడిపే మంచు తోసే లారీ, దాని వెనకాల ఒకదాని తోక పట్టుకుని ఒకటి బళ్లు. పది గంటలకు మొదటి కాన్వాయ్. తరవాతది ఒంటిగంటకి.

నా మీటింగు పన్నెండున్నరకి. కొండకి అవతల, స్తూర్‌నెస్‌లో.

మామూలు మీటింగైతే ఎగ్గొట్టేదాన్ని. ఆరోజు కౌన్సిల్లో తేలాల్సింది మా లాంగ్‌విక్ బడి సంగతి. పదకొండు మంది పిల్లలున్న బడి. మూసేద్దామనేవాళ్లు ఏడుగురు. ఉంచాలనేవాళ్లు నాతో కలిపి ఎనిమిది మంది. నేను రాకపోతే కుర్చీ ఖాళీగా ఉండదు. మా పార్టీ జాబితాలో నా తరవాతి మనిషి వచ్చి కూర్చుంటాడు. అతనిది స్తూర్‌నెస్. బడి మూసేయాలని బజార్లో బాహాటంగా చెప్పుకు తిరిగే మనిషి. ఒక్క కుర్చీలో మనిషి మారితే ఎనిమిది వాళ్ల వైపు వెళ్లిపోతుంది. ఆ తరవాత మా ఊరి ఆరేళ్ల పిల్లలు రోజూ పొద్దున్నే ఇదే కొండ ఎక్కి బడికి పోవాలి. గేటు పడిన రోజు అవతలే ఉండిపోవాలి.

మూసేద్దామనే ఏడుగురికి పెద్ద మా మేయరు. మేయరు అక్క మొగుడే ఈ హిల్మార్.

"హిల్మార్, సూటిగా అడుగుతున్నాను. నీ బావమరిది నీకు ఫోన్ చేశాడా?"

అతని మొహం ఎర్రబడింది. చలికి ముందే ఎర్రగా ఉన్న మొహం అది. ఇంకా ఎర్రబడటానికి చోటు ఎక్కడ దొరికిందో.

"తూరిడ్, నేను ఇరవై రెండేళ్లుగా ఈ గేటు దగ్గర నిలబడుతున్నాను. అందర్నీ అడిగేవి మూడే. వెచ్చటి బట్టలున్నాయా? పారుందా? ట్యాంకులో సగానికి పైన ఉందా? నీకు బట్టలున్నాయి, పారుంది. మూడోది లేదు."

"ఉంది! శనివారం మా ఆయన నింపాడు. యాభై లీటర్లు."

"అయితే ముల్లుని పైకి లేపు. పదింటిలోపు లేస్తే నువ్వు కాన్వాయ్‌లో ఉంటావు. లేదంటే ఎవరి బండిలోనైనా ఎక్కి కూర్చో. నేను నోళ్లు వినను, ముళ్లు చూస్తాను."

అని వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. కారు తలుపు ఎంత గట్టిగా వేశానంటే అద్దం మీది మంచంతా ఒక్కసారి జారిపోయింది.

ఆరోజు వరసలో నాతో కలిపి నాలుగే బళ్లు. అందరికంటే ముందు చేపల లారీ. నడిపేవాడు స్తైనార్, నోరు ఊరుకోని మనిషి. దాని వెనక కవల పసిపిల్లలతో ఒక కుర్ర జంట. వాళ్ల కారులో మనిషి కాదు కదా, ఇంకో పాలసీసా కూడా పట్టేలా లేదు. నా ముందు మాథిస్ వ్యాను. మాథిస్‌కి డెబ్బై నాలుగేళ్లు. ఒకప్పుడు చేపల పడవల మీద ఇంజన్లు చూసేవాడు. ఇప్పుడు సరస్సుల మీద మంచు తొలిచి వలలు వేసుకుంటూ, రెండు కుక్కలతో తిరుగుతుంటాడు.

అతనే ముందు వచ్చాడు, చేతులు జేబుల్లో పెట్టుకుని.

"నా బండిలో రా తల్లీ. కుక్కల్ని వెనక్కి నెడతాను."

"నాకు కారుంది మాథిస్. ట్యాంకు నిండా పెట్రోలుంది. మీ కుక్కల కంపు కొట్టుకుంటూ కౌన్సిల్ మీటింగుకి వెళ్లాలా? బిచ్చగత్తెలాగా?"

అనకూడని మాట. అన్నాక తెలిసింది. అయినా వెనక్కి తీసుకునే ఓపిక ఆ పూట నాకు లేదు. మాథిస్ నొచ్చుకున్నట్టు కూడా కనబడలేదు. తల ఊపి, నా డాష్‌బోర్డు వైపు చూశాడు.

"వేడి చూపించే ముల్లు పని చేస్తోందా?"

"చేస్తోంది."

"లైట్లు?"

"అన్నీ వెలుగుతున్నాయి. ఫ్యూజు కూడా నిరుడే మార్చాను. ఇది ఒక్కటే చచ్చింది."

"అయితే తప్పు డాష్‌బోర్డులో లేదు. వెనకాల, ట్యాంకు దగ్గరుంది. డిక్కీ తెరువు."

తెరిచాను. మా నాన్న కొన్న కారు అది. పంతొమ్మిదేళ్ల బండి. డిక్కీ నిండా మా సంసారం. పార, తాడు, గొర్రెతోలు, పిల్లల స్కీ బూట్లు, ఆకుపచ్చ రబ్బరు గొట్టం ఒకటి. చేతికందిందల్లా తీసి మంచులోకి విసిరేశాను. గొట్టం మాథిస్ కాళ్ల దగ్గర పడింది. అతను వంగి దాన్ని ముక్కు దగ్గర పెట్టుకుని చూసి, పక్కన పెట్టాడు.

కింద పరిచిన అట్ట ఎత్తితే అరచేతంత రేకు మూత, నాలుగు స్క్రూలు. వాటిలో రెండు తుప్పు పట్టి కదలలేదు. అప్పటికి టైము తొమ్మిది నలభై మూడు.

"ఐలిఫ్!" అని అరిచాను.

"ఎవరు ఐలిఫ్?" అన్నాడు స్తైనార్. సిగరెట్టు ముట్టించుకుని వినోదం చూడ్డానికి వచ్చాడు.

"మా ఆయన. నాలుగేళ్ల నుంచి చెబుతున్నాను, ఈ మీటరు బాగు చెయ్యమని. ప్రతిసారీ ఒకటే పాట. దాన్ని పట్టించుకోకు తూరిడ్, వారానికోసారి నింపుకుంటే చాలు, మీటరెందుకు అని. ఇప్పుడు చూడు ఎందుకో!"

స్క్రూడ్రైవరు పిడి మీద గుద్దిన ప్రతి గుద్దులోనూ ఐలిఫ్ మొహం కనిపించింది. మూడో స్క్రూ కదిలింది. నాలుగోది కదిలేలోగా నా బొటనవేలు చీరుకుపోయింది. రక్తం మంచు మీద పడుతుంటే స్తైనార్ "అయ్యో, కట్టు కట్టమంటావా?" అన్నాడు.

"సిగరెట్టు పారెయ్! ట్యాంకు తెరుస్తున్నాం, కళ్లు కనబడట్లేదా?"

సిగరెట్టు చటుక్కున మంచులో గుచ్చేశాడు.

రేకు మూత వచ్చేసింది. దాని కింద ట్యాంకు నెత్తి మీద ఒక గుండ్రటి బిళ్ల, మధ్యలో ఒక్క తీగ. మాథిస్ మోకాళ్ల మీద కూర్చుని వేలితో చూపించాడు.

"ఈ తీగే కబురు మోసుకెళ్లేది. బిళ్ల కింద ట్యాంకులో ఒక కడ్డీ, కడ్డీ చివర ఫ్లోటు. పెట్రోలు మీద తేలుతుంది. ఫ్లోటు ఎంత ఎత్తున ఉంటే ముల్లు అంత ఎత్తున ఉంటుంది. ముందు తీగ సంగతి చూద్దాం. దాన్ని బిళ్ల నుంచి ఊడదీసి, కారు రేకుకి తాకించు. ఇక్కడ కాదు, ట్యాంకుకి దూరంగా, ఆ పక్క బోల్టుకి. నేను తాళం తిప్పి ముల్లు చూస్తాను."

తాకించాను.

"లేచింది!" ముందు సీట్లోంచి అరిచాడు. "నిండుకు పోయింది!"

స్తైనార్ చప్పట్లు కొట్టాడు. నాకు మాత్రం ఒళ్లు మండింది. రెండు నిమిషాల పని. తీగ ఒకటి ఊడదీసి బోల్టుకి తాకించడం. నాలుగేళ్లలో మా ఆయన ఈ రెండు నిమిషాలు పెట్టలేకపోయాడు.

"అంటే మీటరు మంచిదే, తీగా మంచిదే," అన్నాడు మాథిస్ తిరిగి వస్తూ. "జబ్బు బిళ్లలో ఉంది, లేకపోతే ఫ్లోటులో. దాన్ని బయటికి తీసి చూడాలి."

"ఎంతసేపు?"

"పావుగంట."

తొమ్మిది నలభై తొమ్మిది. పదకొండు నిమిషాలున్నాయి.

స్తైనార్ నా చెవి దగ్గరికి వంగాడు. "నీకు ఆ పావుగంట ఎందుకు? తీగని ఆ బోల్టు కిందే దూర్చి వదిలెయ్. ముల్లు నిండులోనే నిలబడుతుంది. హిల్మార్ చూసేది ముల్లునే కదా. ట్యాంకు నిండుగానే ఉందంటున్నావు. అబద్ధం ఆడినట్టు కూడా కాదు."

మాథిస్ పక్కన పెట్టిన గొట్టం వైపు మరోసారి చూశాడు.

నేను ఎక్కువ ఆలోచించలేదు. ఎందుకు ఆలోచించాలి? అక్కడ నిజం చెప్పిన మనిషి నేనొక్కదాన్నే. నిజానికి విలువ లేని చోట వాళ్లకి కావలసిన ముల్లే చూపిద్దాం. బోల్టు వదులు చేసి, తీగ కొస కింద దూర్చి, బిగించాను. నాలుగు దిక్కులా చెల్లాచెదురైన సామాను డిక్కీలోకి తోశాను. డాష్‌బోర్డు మీద ముల్లు నిటారుగా నిలబడింది. నాలుగేళ్లలో అక్కడ ముల్లుని అలా చూడటం నాకదే మొదటిసారి.

"హిల్మార్!"

వచ్చాడు. తల లోపలికి పెట్టి చూశాడు. మళ్లీ నా ఒళ్లో మంచు.

"సరే," అన్నాడు. చేతిలోని అట్ట మీద నా కారు నంబరు రాసుకున్నాడు. "నువ్వు చివర. ముందున్న బండి వెనక లైట్లు కంటికి ఆనుతూ ఉండాలి. ఎక్కడా దిగకూడదు."

అంతే. దారి దొరికేసింది. కిటికీ ఎత్తేసి, నోరు మూసుకుని, ఫ్లాస్కులో కాఫీ పోసుకుని కూర్చుంటే సరిపోయేది. కానీ హిల్మార్ రెండడుగులు వేసి వెనక్కి తిరిగి, చిన్నపిల్లకి చెప్పినట్టు ఒక మాట అన్నాడు.

"చూశావా తూరిడ్? మా బావమరిదిని మధ్యలోకి లాగకుండా ముందే బాగు చేసుకుంటే ఎంత హాయి. ఇప్పుడు నీ ట్యాంకు నిండుగా ఉందని నాకు తెలుసు."

ఇప్పుడు తెలుసట!

తలుపు తోసుకుని దిగాను.

"ఏం తెలుసు నీకు? పావుగంట కిందట ఇదే కారు, ఇదే ట్యాంకు, ఇదే పెట్రోలు. అప్పుడు నేను అబద్ధాలకోరుని. ఇప్పుడు ఒక తీగ బోల్టు కిందకి దూర్చానంతే, నీకు జ్ఞానోదయం అయిపోయింది! అది దొంగ ముల్లు హిల్మార్! నీ బుర్రలాగే దానికీ లోపల ఏమీ లేదు!"

"అయ్యో, అయ్యో," అన్నాడు స్తైనార్ నెత్తి పట్టుకుని. "చెప్పేసింది."

హిల్మార్ మొహంలో ఎరుపు పోయి తెలుపు వచ్చింది. "తీగ దూర్చావా? అంటే బాగు చెయ్యలేదా?"

"బాగు చెయ్యడానికి నువ్విచ్చింది ఇరవై అయిదు నిమిషాలు! రా. అందరూ రండి. ట్యాంకు తెరుస్తాను. నీ రెండు కళ్లతో పెట్రోలు చూడు. చూశాక ఇంతమంది ముందు ఒక్క మాట అను. తూరిడ్, నువ్వు నిజం చెప్పావు, నేను వినలేదు అని. ఆ మాట వినకుండా నేను ఈ గేటు దాటను!"

సామానంతా మళ్లీ మంచులోకి. తొమ్మిది యాభై రెండు. కవలల తండ్రి కూడా దిగి వచ్చాడు. బిళ్ల చుట్టూ ఒక ఇనుప చక్రం బిగించి ఉంది. సుత్తి అందుకోబోతే మాథిస్ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఇనుము మీద ఇనుము వద్దు. నిప్పురవ్వ లేస్తే ఈ గేటూ ఉండదు, మనమూ ఉండం. ముందు బ్యాటరీ తీగ తీసెయ్."

తీసేశాను. అతను తన వలల పెట్టెలోంచి కర్ర మేకు ఒకటి, చెక్క సుత్తి ఒకటి తెచ్చాడు. చక్రం చెవికి మేకు ఆనించి, నెమ్మదిగా తట్టాడు. ఒకటి, రెండు, పది. కదలదు. నేను లాక్కుని కొట్టాను. ఆ దెబ్బలు చక్రానికి కాదు. హిల్మార్‌కి, మేయరుకి, బడి మూస్తే మిగులుతుందని లెక్క చెప్పిన ప్రతి మనిషికీ. చక్రం కిర్రుమని తిరిగింది.

బిళ్లని ఒడుపుగా వంచి పైకి లాగాడు మాథిస్. సన్నటి కడ్డీ, దాని చివర కోడిగుడ్డంత ఇత్తడి బుడ్డి. బుడ్డిని చెవి దగ్గర పెట్టి ఊపాడు. నా చెవి దగ్గరా ఊపాడు. లోపల గలగలమంది.

"ఎక్కడో సూదిమొనంత చిల్లు. బుడ్డి నిండా పెట్రోలే. ఇది ఎలా తేలుతుంది? నాలుగేళ్ల కిందటే మునిగిపోయింది. ట్యాంకు నిండినా అడుగునే పడుంటుంది, ముల్లు ఖాళీ అంటుంది."

"విన్నావా హిల్మార్?" అన్నాను. గెలుపు నాలుక మీద తియ్యగా తగిలింది. "మునిగిన ఫ్లోటు! నేను చెప్పిందేమిటి? ముల్లు అబద్ధం చెబుతోందన్నాను!"

"విన్నాను," అన్నాడు. "పెట్రోలు చూపించు."

మాథిస్ పొడుగాటి పొడి కర్ర ఒకటి ఇచ్చాడు. వలల లోతు చూసుకునే కర్ర. కన్నంలోంచి నిలువుగా దించాను. అది అడుగు తాకి టక్కుమంది. ఆ చప్పుడు నాకు నచ్చలేదు. పెట్రోలు నిండా ఉన్న ట్యాంకులో చప్పుడు అలా ఉండదు.

కర్ర పైకి తీశాను.

అడుగున రెండు వేళ్ల వెడల్పు తడి. అంతే. దాని పైనంతా పొడి కర్ర.

మళ్లీ దించాను. ఈసారి పక్కకి వంచి. మళ్లీ రెండు వేళ్లు.

కవలల్లో ఒకరు కారులో ఏడుపు మొదలుపెట్టారు. స్తైనార్ నోట్లోంచి ముందు ఒక చిన్న శబ్దం వచ్చింది, తరవాత ఆపుకోలేక నవ్వేశాడు. హిల్మార్ నవ్వలేదు. అతను నవ్వి ఉంటే బాగుండేది. నవ్వితే చెంప పగలగొట్టేదాన్ని.

"నాలుగు లీటర్లుంటాయేమో," అన్నాడు నెమ్మదిగా. "మంచు లేని రోజున కొండ దాటడానికే చాలవు. ఈరోజు పైన ఆగుతూ ఆగుతూ పోవాలి."

"శనివారం నింపాడు," అన్నాను. "బంకులో నేను పక్కనే ఉన్నాను. పొంగే దాకా నింపాడు. ఎక్కడైనా కారుతోందా?"

మాథిస్ వంగి, మంచులో పడున్న ఆకుపచ్చ రబ్బరు గొట్టం తీశాడు. నా చేతికిచ్చాడు.

"వాసన చూడు."

చూడక్కర్లేకపోయింది. అంతా ఒక్కసారి కళ్ల ముందుకొచ్చింది. ఆదివారం పొద్దున్న. ఐలిఫ్, వాళ్ల తమ్ముడు, మంచు మీద పోయే రెండు స్కూటర్లు, సరస్సు మీద చేపల వేట. ఆదివారం మా ఊళ్లో బంకు తెరవరు. స్కూటర్లకి పెట్రోలెక్కడిదని నేను అడగలేదు. కారులోంచి పీల్చుకున్నారు, ఈ గొట్టంతో. సోమవారం మళ్లీ నింపుదామనుకుని ఉంటాడు. సోమవారం మంచుగాలి. మంగళవారం మంచుగాలి. బుధవారం పొద్దున్న నేను బయల్దేరుతుంటే ముద్దు పెట్టి, చీజ్ పెట్టిన బ్రెడ్డు ముక్కలు కాగితంలో చుట్టి చేతికిచ్చాడు. పెట్రోలుందా అంటే "శనివారమే కదా నింపాం" అన్నాడు. అబద్ధం కాదు. ఆదివారం సంగతి మరిచిపోయాడంతే.

ఎప్పుడూ ఖాళీ చూపించే మీటరున్న ఇంట్లో కారులోంచి ఎంత తోడినా ఎవరికీ తెలియదు. ఎవరికీ తెలియనిది మరిచిపోవడం చాలా తేలిక.

"ఐలిఫ్!" అని మళ్లీ అరిచాను. ఈసారి స్తైనార్ ఎవరని అడగలేదు.

తొమ్మిది యాభై ఏడు.

"ఎవరి దగ్గరైనా పెట్రోలు డబ్బా?" హిల్మార్ అందర్నీ అడిగాడు. లారీ డీజిలు. వ్యాను డీజిలు. కుర్ర జంట దగ్గర పాలడబ్బాలు తప్ప ఏ డబ్బా లేదు. దగ్గర బంకు నలభై కిలోమీటర్ల వెనక.

హిల్మార్ తన అట్ట మీద నా నంబరు కొట్టేశాడు. కొట్టేసిన గీత నాకు కనబడేలా పట్టుకోలేదు. అది కూడా నాకు కోపమే తెప్పించింది.

"నేను రెండుసార్లు లెక్క పెడతాను తూరిడ్," అన్నాడు. "ఇక్కడ ఒకసారి, అవతల గేటు దగ్గర ఒకసారి. నాకు రెండు లెక్కలూ ఒకటే కావాలి. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి ఒకటి తగ్గింది. అప్పుడూ ఒక మనిషి నా ట్యాంకు నిండుగా ఉందన్నాడు. నేను నమ్మాను."

అది విన్నా నా కోపం ఎక్కడికీ పోలేదు.

బ్యాగు తీసుకున్నాను. మాథిస్ వ్యాను దగ్గరికి నడిచాను. అతను అప్పటికే సీట్లో కూర్చున్నాడు. అద్దం దించాడు.

"మాథిస్." వెనక ఉన్న కుక్కల వైపు చూశాను. "చోటుందా?"

"చోటుంది. కంపు కూడా ఉంది."

"తెలుసు."

"చిన్న కుక్క ఒళ్లో కూర్చుంటుంది. కాదంటే మొరుగుతుంది."

"కూర్చోనివ్వండి."

హిల్మార్ నా కారుని తన లారీతో దారి పక్కకి తోసి, పదింటికి గేటు ఎత్తాడు.

కొండ మీద ఏమీ కనబడలేదు. ఆకాశం లేదు, దారి లేదు. ముందున్న కారు వెనక లైట్లు రెండు ఎర్ర చుక్కలు, అవీ మధ్యమధ్య ఆరిపోతూ. గాలి వ్యానుని పక్కకి నెడుతుంటే మాథిస్ నెమ్మదిగా సరిచేసుకుంటున్నాడు. కుక్క నా కోటు మీద చొంగ కార్చుకుంటూ నిద్రపోయింది. పైన చదునులో కాన్వాయ్ ఆగిపోయింది. ముందు ఎక్కడో మంచు గుట్ట. హిల్మార్ దాన్ని తవ్వేదాకా ఇరవై అయిదు నిమిషాలు నిలబడ్డాం, ఇంజన్లు ఆపకుండా.

చేతి గడియారం చూసుకుంటూ లెక్క వేశాను. నాలుగు లీటర్లు. కొండ ఎక్కడం. ఇరవై అయిదు నిమిషాలు. నా కారు చివర. నా వెనక ఎవరూ ఉండరు. లైట్లు ఆరిపోతే ముందున్న మాథిస్‌కి ఏమీ కనబడదు, తెల్లటి గోడ తప్ప. అవతల గేటు దగ్గర హిల్మార్ లెక్క పెట్టుకునే దాకా నేను లేనని ఎవరికీ తెలియదు.

"ఇక్కడే అయిపోయేది నా పెట్రోలు," అన్నాను.

"అవును," అన్నాడు మాథిస్. "నేనూ అదే లెక్క వేశాను."

"మీకు ముందే తెలుసు కదా? గొట్టం వాసన చూశారు. అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"పూర్తిగా తెలియదు. చెప్పినా నువ్వు వినే స్థితిలో లేవు తల్లీ. గేటు ఎత్తేలోపు కర్ర దించి నీకే చూపిద్దామనుకున్నాను. ఈలోగా ట్యాంకు నువ్వే తెరుస్తానన్నావు." అద్దం మీది ఆవిరి తుడిచి, "మంచి కోపం నీది. దాచుకోలేదు," అన్నాడు.

పన్నెండూ ఇరవై నిమిషాలకి స్తూర్‌నెస్ టౌన్‌హాల్ మెట్లెక్కాను. నా కుర్చీలో నా బదులు మనిషి అప్పుడే కాగితాలు సర్దుకుంటున్నాడు. నన్ను చూసి సగం లేచాడు.

"లే," అన్నాను. మిగతా సగమూ లేచాడు.

మేయరు నా కోటు వైపు చూశాడు. కుక్క వెంట్రుకలు, పెట్రోలు, రక్తం. "ప్రయాణం బాగా జరిగిందా?" అన్నాడు.

"నా వంతు వచ్చినప్పుడు చెబుతాను."

నా వంతు వచ్చింది. రాసుకున్న ఉపన్యాసం బ్యాగులోంచి తియ్యలేదు. "నాకు యాభై ఒక్కేళ్లు," అన్నాను. "ఈ కొండ నాకు పుట్టినప్పటి నుంచి తెలుసు. ఈ పొద్దున్న ట్యాంకులో రెండు వేళ్ల పెట్రోలుతో, ట్యాంకు నిండుగా ఉందని అరుచుకుంటూ దీని మీదికి ఎక్కబోయాను. దారి దొంగతనంగా సంపాదించి మరీ! నన్ను కాపాడింది నా తెలివి కాదు, గేటు దగ్గర హిల్మార్‌తో పెట్టుకున్న తగువు. పెద్దవాళ్లం మనమే ఇలాంటి తప్పులు చేసే దారి మీద ఆరేళ్ల పిల్లల్ని రోజుకి రెండుసార్లు తిప్పుతామంటున్నారు. బస్సు ట్యాంకులో కర్ర ఎవరు దించుతారు? మీరు దించుతారా?" అని మేయరుని అడిగాను. మళ్లీ అరిచాననుకుంటాను. బయట కారిడార్లో కూర్చున్న మాథిస్ కుక్కలు మొరగడం మొదలుపెట్టాయి.

ఎనిమిది, ఏడు. బడి ఉంది.

ఫోన్ టౌన్‌హాల్ గుమాస్తా బల్ల మీద ఉంది. ఇంటికి చేశాను. ఐలిఫే ఎత్తాడు.

"తూరిడ్! ఏమైంది? గెలిచామా?"

"గెలిచాం. ఐలిఫ్, ఆదివారం ఎన్ని చేపలు పట్టారు?"

"అయ్యో," అన్నాడు మెల్లగా.

ఆ తరవాత నేను అన్నవి ఇక్కడ రాయను. గుమాస్తా లేచి వెళ్లి తలుపు వేసి వచ్చాడు.

మర్నాడు పొద్దున్న మాథిస్ వ్యానులోనే గేటు దగ్గరికి తిరిగొచ్చాం, సీట్ల మధ్య ఇరవై లీటర్ల పెట్రోలు డబ్బాతో. గాలి తగ్గింది. మాథిస్ వలల పెట్టెలోంచి ఒక బెండు తీశాడు. ఇప్పటివాళ్లు వాడే తెల్లటి నురుగు బంతి కాదు, అది పెట్రోల్లో కరిగిపోతుంది. వాళ్ల నాన్న నాటి చెట్టుబెరడు బెండు, చేతుల్లో అరిగి నున్నబడింది. ఇత్తడి బుడ్డి కోసేసి, కడ్డీ చివర దాన్ని కట్టాడు. బిళ్ల దించాం, చక్రం బిగించాం, బోల్టు కింద దూర్చిన తీగని దాని చోట తగిలించాం, బ్యాటరీ తీగ కూడా మళ్లీ పెట్టాం. నేను డబ్బా ఒంపుతుంటే అతను ముల్లు చూశాడు.

"కదులుతోంది," అన్నాడు. "పావుకి వచ్చింది. ఇంకా ఎక్కుతోంది."

హిల్మార్ గేటు దగ్గర నిలబడి చూస్తున్నాడు. దగ్గరికి వెళ్లాను. క్షమించమని అడగాలని బయల్దేరాను, నిజంగానే. నోరు తెరిచేసరికి, "నిన్న తోసేటప్పుడు నా వెనక బంపరు సొట్ట పెట్టావు," అని వచ్చింది.

"పెట్టాను," అన్నాడు.

"సరే," అన్నాను. అతను గేటు తాడు సర్దుకున్నాడు. ఇద్దరికీ అర్థమైంది.

ఇంటికి వెళ్లాక ఆకుపచ్చ గొట్టాన్ని గొడ్డలితో నాలుగు ముక్కలు చేసి ఐలిఫ్ కాఫీ కప్పు పక్కన పెట్టాను. ఇప్పుడు మా మీటరు గీత తప్పకుండా నిజం చెబుతోంది. అయిదు లీటర్లు తగ్గినా తెలిసిపోతుంది. ఆదివారం పొద్దున్న సరస్సుకి వెళ్లే ముందు ఐలిఫ్ ఒక నిమిషం కారు దగ్గర నిలబడి, కిటికీలోంచి ఆ ముల్లు వైపు చూసి, డబ్బా పట్టుకుని పక్కింటి తలుపు కొడతాడు.